విండోస్ 10 నుంచి లినక్స్ మింట్‌కి మారడం ఎలా: ఫైళ్లు పోకుండా, తెలుగు చెదరకుండా

విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ముగిసింది. భద్రతా అప్‌డేట్లు ఇంకో ఏడాది ఇచ్చే పథకం ఒకటి పెట్టారు గానీ, అది గడువు పొడిగింపే తప్ప పరిష్కారం కాదు. పోనీ విండోస్ 11 వేసుకుందామంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం ప్రాసెసరో అంతకన్నా కొత్తదో ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. 2015, 2016 ప్రాంతంలో కొన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. స్క్రీన్ బాగానే ఉంటుంది, కీబోర్డు బాగానే ఉంటుంది, ర్యామ్ 8 జీబీ ఉంటుంది. అయినా మీ కంప్యూటర్ సరిపోదనే మెసేజ్ వస్తుంది. దయచేసి అలాంటి మెషీన్‌ని పాత సామాన్ల కింద వదిలేయకండి. విండోస్ బదులు ఉచితంగా వేసుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ (ఓఎస్) లినక్స్ మింట్ వేస్తే అది మళ్లీ చక్కగా పనికొస్తుంది.

లినక్స్ వేసుకుని నెల తిరక్కుండానే విండోస్‌కి వెళ్లిపోయినవాళ్లు చాలామందే ఉంటారు. ఇన్‌స్టాల్ చేయడం కష్టమైందని వాళ్లెవరూ చెప్పరు, అది అరగంట పని. తెలుగు టైప్ కాలేదని, ప్రింటర్ కదల్లేదని, ఆఫీసు ఫైలు తెరిస్తే లైన్లన్నీ అటూ ఇటూ అయ్యాయని చెబుతారు. అందుకే ఈ క్రమం పాటించండి: విండోస్‌లో ఉండగానే సాఫ్ట్‌వేర్లు మార్చుకోవాలి, ఆ తర్వాత పెన్‌డ్రైవ్ మీద మింట్‌ని నడిపి చూడాలి, అన్నీ కుదిరాకే ఓఎస్ మార్చాలి.

మింటే ఎందుకు?

లినక్స్‌లో రకాలు లెక్కలేనన్ని ఉన్నాయి. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ అన్నీ మంచివే. కానీ విండోస్ నుంచి మొదటిసారి వచ్చేవాళ్లకి నేను మింట్‌నే చెబుతాను. కింద ఎడమవైపు మెనూ, కింద టాస్క్‌బార్, కుడి మూలన గడియారం ఉంటాయి కాబట్టి చేతి అలవాటు పెద్దగా మారదు. 2006లో క్లెమాఁ లఫేవ్ర్ మొదలుపెట్టిన ప్రాజెక్టు ఇది. ఉబుంటు దీర్ఘకాలిక వెర్షన్ల మీద ఆధారపడి తయారవుతుంది. మింట్ 22 వరుసకి 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. ఇందులో మూడు ఎడిషన్లు ఉన్నాయి: సిన్నమన్, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే. ర్యామ్ 8 జీబీ ఉంటే సిన్నమన్ తీసుకోండి. 4 జీబీయే ఉంటే ఎక్స్‌ఎఫ్‌సీఈ తేలిగ్గా నడుస్తుంది. ఏది మంచిదని వారాల తరబడి వీడియోలు చూస్తూ కూర్చోవద్దు.

మొదటి పని: కాగితం, పెన్ను

ఒక వారం పాటు ఆ కంప్యూటర్‌లో మీరు, ఇంట్లోవాళ్లు ఏమేం తెరుస్తున్నారో రాసుకోండి. బ్రౌజర్, వాట్సాప్ వెబ్, యూట్యూబ్, బ్యాంకు సైటు, వర్డ్‌లో ఉత్తరాలు, ఎక్సెల్‌లో ఇంటి లెక్కలు, పిల్లల ఆన్‌లైన్ క్లాసులు. జాబితా ఇంతే అయితే దిగులు పడాల్సిందేమీ లేదు.

కొన్ని పనులుంటే మాత్రం ఆగి ఆలోచించాలి. టాలీ విండోస్ కోసం తయారైన సాఫ్ట్‌వేర్, ఫోటోషాప్‌కి లినక్స్ వెర్షన్ లేదు. ఎక్సెల్‌లో పెద్ద పెద్ద మాక్రోలు రాసుకుని ఆఫీసు నడుపుతున్నవాళ్లకి ఎంఎస్ ఆఫీస్ బదులు వాడే లిబ్రేఆఫీస్‌లో అవి యథాతథంగా పనిచేస్తాయన్న భరోసా లేదు. టెండర్లకీ జీఎస్టీకీ యూఎస్‌బీ టోకెన్‌లో డిజిటల్ సిగ్నేచర్ వాడేవాళ్లు, టోకెన్ కంపెనీ లినక్స్ డ్రైవర్ ఇస్తోందో లేదో కనుక్కోకుండా అడుగు వేయకూడదు. పరీక్షలకి వాడే సేఫ్ ఎగ్జామ్ బ్రౌజర్ లినక్స్‌కి లేదు. వాలరెంట్ ఆడే పిల్లలు ఇంట్లో ఉంటే వాళ్లకీ ముందే చెప్పాలి, ఆ ఆట లినక్స్‌లో నడవదు.

మన దగ్గర ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది అనూ ఫాంట్ల సంగతి. కరపత్రాలు, పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, చిన్న పత్రికలు చేసే డీటీపీ సెంటర్లలో ఏళ్ల తరబడి పేజ్‌మేకర్, అనూ జంటగా నడిచాయి. అనూ ఫాంట్లు యూనికోడ్ (ఏ కంప్యూటర్‌లోనైనా అక్షరాలు ఒకేలా చదవగలిగే ప్రమాణం) కాదు. ఇంగ్లిష్ అక్షరాల స్థానాల్లో తెలుగు అక్షరాల ముక్కలు పెట్టి చేసిన ఫాంట్లవి. అందుకే ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అర్థంపర్థం లేని గుర్తులు కనిపిస్తాయి. టైప్ చేయడానికి వాడే అనూ కీబోర్డు సాఫ్ట్‌వేర్ విండోస్‌ది. ఫాంట్లు తెచ్చుకుని మింట్‌లో పాత ఫైలు చదవగలరేమో గానీ, రోజువారీ పని సాగదు. మీ జీవనం దాని మీదే ఆధారపడి ఉంటే ఆ మెషీన్ జోలికి వెళ్లవద్దు. దాన్ని ఇంటర్నెట్‌కి దూరంగా ఉంచి డీటీపీకే వాడుకోండి, ఇంకో మెషీన్‌లో మింట్ వేయండి. కొత్త పనులు మాత్రం ఇకనుంచైనా యూనికోడ్‌లో మొదలుపెట్టండి. పేజీ డిజైన్‌కి స్క్రైబస్ ఉంది, 2024లో వచ్చిన 1.6 వెర్షన్‌లో తెలుగు ఒత్తులు, గుణింతాలు సరిగ్గా కూర్చుంటాయి. పాత అనూ మేటర్‌ని యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి. మార్చాక ఒత్తుల దగ్గర తప్పులు దొర్లుతాయి కాబట్టి ప్రూఫు చూసుకోక తప్పదు.

రెండో పని: విండోస్‌లోనే కొత్త సాఫ్ట్‌వేర్లకి అలవాటు పడండి

దీన్నే చాలామంది దాటేస్తారు. లిబ్రేఆఫీస్, ఫైర్‌ఫాక్స్, వీఎల్‌సీ, ఫోటోలకి గింప్, బొమ్మల డిజైన్‌కి ఇంక్‌స్కేప్, మెయిల్‌కి థండర్‌బర్డ్ ఇవన్నీ విండోస్‌లోనూ దొరుకుతాయి. వాటిని ఇప్పుడే వేసుకుని రెండు మూడు వారాలు వాటితోనే పని చేయండి. మీ వర్డ్ ఫైళ్లు లిబ్రేఆఫీస్‌లో తెరిచి చూడండి. టేబుళ్లు ఎక్కడ జరిగాయి, హెడ్డింగ్ ఎక్కడ విరిగింది అన్నది ఇప్పుడే తెలిస్తే, అవసరమైనప్పుడు వర్డ్ పక్కనే ఉంటుంది కాబట్టి కంగారుండదు. ఇవి అలవాటైతే మింట్‌కి వెళ్లిన రోజున కొత్తగా కనిపించేది మెనూ ఒక్కటే.

బ్రౌజర్‌లో సింక్ ఆన్ చేసి బుక్‌మార్కులు, పాస్‌వర్డ్‌లు మీ ఖాతాలోకి చేర్చండి. మింట్‌లో అదే ఖాతాతో లాగిన్ అయితే అన్నీ వచ్చేస్తాయి.

మూడో పని: బ్యాకప్

ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్ ఒకటి పెట్టుకుని డాక్యుమెంట్స్, పిక్చర్స్, డౌన్‌లోడ్స్, డెస్క్‌టాప్ నాలుగూ కాపీ చేయండి. డెస్క్‌టాప్‌ని మరిచిపోయేవాళ్లే ఎక్కువ, ముఖ్యమైన ఫైళ్లన్నీ ఉండేదేమో అక్కడే. డీ డ్రైవ్, ఈ డ్రైవ్ చూడండి. అవుట్‌లుక్ వాడుతుంటే మెయిల్ ఫైలు, టాలీ వాడుతుంటే డేటా ఫోల్డర్, మీరు విడిగా కొనుక్కున్న తెలుగు ఫాంట్లు కూడా తీసుకోండి. కాపీ అయ్యాక ఆ డిస్క్‌ని వేరే కంప్యూటర్‌కి పెట్టి నాలుగు ఫోటోలు, రెండు డాక్యుమెంట్లు తెరిచి చూడండి. తెరిచి చూడని బ్యాకప్‌ని లెక్కలోకి తీసుకోవద్దు.

తర్వాత డిస్క్‌లోని ఫైళ్లకి తాళం వేసే బిట్‌లాకర్ చూడండి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో మీకు తెలియకుండానే డిస్క్ ఎన్‌క్రిప్షన్ ఆన్ అయి ఉంటుంది. సెట్టింగ్స్‌లో చూసి, ఆన్‌లో ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసుకుని, ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేయండి. పవర్ ఆప్షన్లలో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆపేయండి. అది ఆన్‌లో ఉంటే విండోస్ పూర్తిగా షట్‌డౌన్ కాదు, సగం నిద్రలోనే ఉంటుంది. అప్పుడు మింట్ నుంచి విండోస్ డ్రైవ్‌లో ఫైళ్లు చదవగలరు గానీ రాయడం కుదరదు.

వీలైతే విండోస్ ఇన్‌స్టాలర్ ఉన్న పెన్‌డ్రైవ్ కూడా ఒకటి తయారుచేసి పక్కన పెట్టుకోండి. మైక్రోసాఫ్ట్ ఇచ్చే మీడియా క్రియేషన్ టూల్‌తో అవుతుంది. వెనక్కి వెళ్లే దారి తెరిచి ఉంటే ముందుకు వెళ్లడానికి ధైర్యం వస్తుంది.

నాలుగో పని: పెన్‌డ్రైవ్ తయారీ

మింట్ మొత్తం ఒకే ఫైలుగా ఉండే ఐఎస్ఓని మింట్ సొంత సైటు నుంచి దించుకోండి. మూడు జీబీకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఎవరో టెలిగ్రామ్‌లో పంపిన ఫైలు వాడొద్దు. దించుకున్న ఫైలుని సరిచూడటం తప్పనిసరి. 2016 ఫిబ్రవరిలో మింట్ సైటులోకి దొంగలు చొరబడి, డౌన్‌లోడ్ లింకుని మార్చి, వెనక తలుపు పెట్టిన ఐఎస్ఓ వైపు మళ్లించారు. ఆ ప్రాజెక్టువాళ్లే వెంటనే బయటికి చెప్పి సైటు మూసి సరిచేశారు.  సైటులో ఐఎస్ఓ పక్కనే ఎస్‌హెచ్ఏ256 అనే పొడవాటి సంఖ్య ఇస్తారు. విండోస్‌లో సెవెన్-జిప్ ఉంటే ఫైలు మీద రైట్ క్లిక్ చేసి ఎస్‌హెచ్ఏ256 లెక్క కట్టించవచ్చు. రెండు సంఖ్యలూ మొదటి నుంచి చివరి దాకా ఒకటే అయితే ఫైలు మంచిది. ఒక్క అక్షరం తేడా ఉన్నా పారేసి మళ్లీ దించండి.

8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు. అందులో ఉన్నదంతా చెరిగిపోతుంది కాబట్టి ఖాళీది తీసుకోండి. రూఫస్ అనే చిన్న ప్రోగ్రామ్ తెరిచి, పెన్‌డ్రైవ్ ఎంచుకుని, ఐఎస్ఓ చూపించి, స్టార్ట్ నొక్కండి. ఏ పద్ధతిలో రాయాలని అడిగితే అది సూచించినదానికే ఓకే అనండి.

ఐదో పని: లైవ్‌లో పరీక్ష

ల్యాప్‌టాప్ ఆఫ్ చేసి, పెన్‌డ్రైవ్ పెట్టి, ఆన్ చేస్తూనే బూట్ మెనూ కీ నొక్కుతూ ఉండాలి. డెల్, లెనోవోలో ఎక్కువగా ఎఫ్12. హెచ్‌పీలో ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో ఎస్కేప్. ఏసర్‌లో ఎఫ్12యే గానీ, కొన్నిటిలో ముందు బయాస్ (కంప్యూటర్ మొదలయ్యేటప్పటి సెట్టింగుల మెనూ)లోకి వెళ్లి ఆ మెనూని ఆన్ చేయాలి. జాబితాలో పెన్‌డ్రైవ్ పేరు ఎంచుకుంటే కాసేపట్లో మింట్ డెస్క్‌టాప్ వస్తుంది. ఇదంతా పెన్‌డ్రైవ్ నుంచే నడుస్తోంది, మీ హార్డ్‌డిస్క్ మీద ఒక్క అక్షరం కూడా మారలేదు. కాస్త నెమ్మదిగా అనిపిస్తే అది పెన్‌డ్రైవ్ వేగం, మింట్ వేగం కాదు.

ఇక్కడ తొందరపడొద్దు. ఓ పూట దీనికే కేటాయించండి. వైఫై తగులుతోందా? బ్లూటూత్ హెడ్‌సెట్, వెబ్‌క్యామ్, మైకు, స్పీకర్లు? స్క్రీన్ వెలుతురు తగ్గించే కీలు? మూత మూసి తెరిస్తే నిద్రలోంచి లేస్తోందా? ఒక్కొక్కటే చూసి మీ కాగితం మీద టిక్కు పెట్టుకోండి. కొన్ని బ్రాడ్‌కామ్, రియల్‌టెక్ వైఫై చిప్‌లు డ్రైవర్ వేసే దాకా కదలవు. అలా అయితే ఆండ్రాయిడ్ ఫోన్‌ని కేబుల్‌తో తగిలించి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేయండి. మింట్‌కి నెట్ వస్తుంది, ఆ నెట్‌తోనే డ్రైవర్ దించుకోవచ్చు.

ప్రింటర్‌ని కూడా ఇప్పుడే తగిలించి ఒక పేజీ తీయండి. వైఫైలో పనిచేసే ఈ మధ్య ప్రింటర్లు చాలావరకు వాటంతటవే పట్టుబడతాయి. మన జిరాక్స్ షాపుల్లో, చిన్న ఆఫీసుల్లో ఎక్కడ చూసినా కనిపించే రెండింటి గురించి మాత్రం ముందే చెప్పాలి. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020, పీ1108 లాంటివి హెచ్‌పీవాళ్ల హెచ్‌పీలిప్ సాఫ్ట్‌వేర్‌తో పనిచేస్తాయి గానీ, దానికి అదనంగా ఒక ప్లగిన్ దించుకోవాలి. 1020కి ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటర్ నుంచి ఫర్మ్‌వేర్ వెళ్లాలి, అది వెళ్లకపోతే ప్రింటర్ ఉలకదు పలకదు. రెండోది కానన్ ఎల్‌బీపీ2900. ఇది క్యాప్ట్ అనే కానన్ సొంత పద్ధతిలో మాట్లాడుతుంది, దాని లినక్స్ డ్రైవర్ పాతది, మొండిది. రోజుకి వంద పేజీలు ఆ ప్రింటర్ మీదే తీయాల్సినవాళ్లు దాన్ని ఒక విండోస్ మెషీన్‌కే ఉంచేయడం మేలు.

ఆరో పని: ఇన్‌స్టాల్

పాత ల్యాప్‌టాప్‌లో ఇంకా తిరిగే హార్డ్‌డిస్క్ ఉంటే, నా మొదటి సలహా ఇది: ఒక 256 జీబీ ఎస్‌ఎస్‌డీ కొనండి. పాత డిస్క్ తీసి జాగ్రత్తగా దాచండి, ఎస్‌ఎస్‌డీ పెట్టి అందులో మింట్ వేయండి. మీ విండోస్, మీ ఫైళ్లు అన్నీ పాత డిస్క్‌లో చెక్కుచెదరకుండా ఉంటాయి. మింట్ నచ్చకపోతే డిస్క్ మార్చేస్తే చాలు, నిన్నటి కంప్యూటర్ తిరిగొస్తుంది. పైగా ఎస్‌ఎస్‌డీతో వచ్చే వేగం ఏ ఓఎస్ మార్పుతోనూ రాదు. పదేళ్ల ల్యాప్‌టాప్‌కి ఇంతకన్నా మంచి ఖర్చు లేదు.

అలా కుదరకపోతే రెండు దారులు. విండోస్‌నీ ఉంచుకుని పక్కన మింట్ వేయడం ఒకటి, మొత్తం డిస్క్ చెరిపి మింట్ ఒక్కటే వేయడం ఇంకొకటి. పక్కపక్కన వేసుకోవాలంటే ముందు విండోస్‌లోనే డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి సీ డ్రైవ్‌ని కుదించి, ఓ 100 జీబీ ఖాళీ చేయండి. 20 జీబీలోనూ మింట్ పడుతుంది గానీ ఫైళ్లకి చోటుండదు.

డెస్క్‌టాప్ కంప్యూటర్ అయితే యూపీఎస్ ఉన్నప్పుడే మొదలుపెట్టండి. ల్యాప్‌టాప్ అయితే చార్జర్ పెట్టి ఉంచండి. మధ్యలో కరెంటు పోతే డిస్క్ సగంలో ఆగిపోతుంది.

డెస్క్‌టాప్ మీద ఉన్న ఇన్‌స్టాల్ బొమ్మ నొక్కాక వచ్చే ప్రశ్నలు తేలికే. భాష ఇంగ్లిష్ ఉంచండి. తెలుగు తర్వాత పెట్టుకోవచ్చు. ఇప్పుడు ఏదైనా మెసేజ్ వస్తే దాన్ని నెట్‌లో వెతకడానికి ఇంగ్లిష్ పనికొస్తుంది. కీబోర్డు దగ్గర ఇండియా కింద ఉండే రూపాయి గుర్తున్న ఇంగ్లిష్ లేఅవుట్ ఎంచుకోండి. అక్షరాలన్నీ మామూలు స్థానాల్లోనే ఉంటాయి, కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే ₹ వస్తుంది. మల్టీమీడియా కోడెక్స్ దగ్గర టిక్కు పెట్టండి, లేకపోతే కొన్ని వీడియోలు తెరుచుకోవు. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఇక్కడే ఒక పాస్‌వర్డ్ పెట్టుకోమని అడగవచ్చు. దాన్ని రాసిపెట్టుకోండి. రీస్టార్ట్ అయ్యాక నీలిరంగు స్క్రీన్ వస్తుంది. అది చూసి హడలిపోవద్దు. ఎన్‌రోల్ ఎంఓకే అన్నది ఎంచుకుని ఆ పాస్‌వర్డ్ కొడితే సరి.

డిస్క్ ఎంచుకునే పేజీ ఒక్కటే జాగ్రత్తగా చదవాలి. విండోస్ పక్కన వేయాలనుకున్నవాళ్లు, పక్కన ఇన్‌స్టాల్ చేసే ఆప్షన్‌ని ఎంచుకోవాలి. డిస్క్ చెరిపేసే ఆప్షన్ నొక్కితే పాతవన్నీ పోతాయి. ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్క్‌ని ఈలోగా ఊడదీసి దూరంగా పెట్టండి, పొరపాటున దాన్ని ఎంచుకునే ప్రమాదం ఉండదు. ఇన్‌స్టాలర్‌కి అసలు మీ ఎస్‌ఎస్‌డీయే కనిపించకపోతే కారణం సాధారణంగా బయాస్‌లో స్టోరేజ్ ఇంటెల్ ఆర్‌ఎస్‌టీ పద్ధతిలో ఉండటం. దాన్ని ఏహెచ్‌సీఐకి మార్చాలి. విండోస్‌ని కూడా ఉంచుకుంటున్నవాళ్లు ఈ మార్పు తెలిసినవాళ్లతో చేయించుకోండి, నేరుగా మార్చేస్తే విండోస్ బూట్ కాకపోవచ్చు.

టైమ్ జోన్ దగ్గర కోల్‌కతా, తర్వాత మీ పేరు, పాస్‌వర్డ్. ఈ పాస్‌వర్డ్ ఏ సాఫ్ట్‌వేర్ వేసినా అడుగుతుంది కాబట్టి గుర్తుండేది పెట్టుకోండి.

రెండు ఓఎస్‌లు పక్కపక్కన ఉన్నప్పుడు ఒక్కోసారి విండోస్‌లో గడియారం అయిదున్నర గంటలు తేడా చూపిస్తుంది. మెషీన్ పాడవలేదు. మదర్‌బోర్డు గడియారంలో ఉన్నది గ్రీన్‌విచ్ సమయమని లినక్స్ అనుకుంటుంది, మన సమయమని విండోస్ అనుకుంటుంది. మింట్‌నే లోకల్ టైమ్ వాడమని ఒకసారి చెబితే సర్దుకుంటుంది.

మొదటి రోజు

మొదట అప్‌డేట్ మేనేజర్ తెరిచి ఉన్నవన్నీ వేయండి. తర్వాత డ్రైవర్ మేనేజర్ తెరవండి. ఎన్‌విడియా కార్డు, బ్రాడ్‌కామ్ వైఫై ఉన్నవాళ్లకి అక్కడ డ్రైవర్ సిద్ధంగా ఉంటుంది. మూడోది టైమ్‌షిఫ్ట్. ఇది సిస్టమ్ ఉన్న స్థితిని ఉన్నట్టుగా దాచిపెడుతుంది, రేపు ఏ అప్‌డేట్ వల్లనైనా ఇబ్బంది వస్తే నిన్నటి స్థితికి వెళ్లిపోవచ్చు. ఒక్క సంగతి గుర్తుంచుకోండి: టైమ్‌షిఫ్ట్ మామూలుగా మీ ఫోటోలనీ డాక్యుమెంట్లనీ దాచదు, సిస్టమ్ ఫైళ్లనే దాచుతుంది. సొంత ఫైళ్లకి ఎక్స్‌టర్నల్ డిస్క్ బ్యాకప్ ఎప్పుడూ విడిగా ఉండాల్సిందే.

తెలుగు

మనవాళ్లకి అసలు పరీక్ష ఇదే, కాబట్టి నిదానంగా చేయండి. తెలుగు చదవడానికి ఏమీ చేయక్కర్లేదు, నోటో ఫాంట్లతో సైట్లన్నీ చక్కగా కనిపిస్తాయి. టైపింగే మనం పెట్టుకోవాలి.

మీరు ఇన్‌స్క్రిప్ట్ (భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక) టైప్ చేసేవాళ్లయితే పని రెండు నిమిషాల్లో అయిపోతుంది. కీబోర్డు సెట్టింగ్స్ తెరిచి, లేఅవుట్స్‌లో ప్లస్ నొక్కి, తెలుగు అని వెతికి జోడించండి. కుడిచేతి కింద హల్లులు, ఎడమచేతి కింద అచ్చులూ గుణింతాలూ ఉంటాయి. ఎల్, జెడ్, ఎన్, జీ, ఐ, జీ వరుసగా నొక్కితే ‘తెలుగు’ అని పడాలి. పడిందంటే లేఅవుట్ సరిగ్గా కూర్చున్నట్టే. అదే జాబితాలో కగప అనే ఫొనెటిక్ లేఅవుట్, సరళ అనే ఇంకోటి కూడా ఉన్నాయి.

ఇంగ్లిష్ అక్షరాలతో తెలుగు రాసే అలవాటున్నవాళ్లకి, ముఖ్యంగా లేఖిని సైటు వాడినవాళ్లకి, ఆర్‌టీఎస్ పద్ధతి దగ్గరగా ఉంటుంది. దీనికి సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో ఐబస్-ఎం17ఎన్ అన్న ప్యాకేజీ వేయాలి. మెనూలో ఇన్‌పుట్ మెథడ్ తెరిచి ఐబస్ ఎంచుకుని, ఒకసారి లాగవుట్ అయి మళ్లీ లాగిన్ అవ్వండి. తర్వాత ఐబస్ ప్రిఫరెన్సెస్‌లో తెలుగు కింద ఆర్‌టీఎస్‌ని జోడించండి. ఆపిల్ కీబోర్డు, పోతన కీబోర్డు అలవాటున్నవాళ్లకి అవీ అక్కడే దొరుకుతాయి. మెనూల అమరిక వెర్షన్‌ని బట్టి కొద్దిగా మారుతుంది, పేర్లు మాత్రం ఇవే. ఫోన్‌లోలా సగం పదం కొట్టగానే మిగతాది ఊహించే సౌకర్యం మాత్రం ఇక్కడ ఆశించవద్దు. మొదటి వారం చేయి తడబడుతుంది, ఆ తర్వాత అదే సర్దుకుంటుంది.

తెలుగులో రాసేవాళ్లకి ఇంకో చిన్న సెట్టింగ్ చాలా విలువైనది. ‘సాఫ్ట్‌వేర్’ అని రాయాలంటే ట పొల్లు తర్వాత కంటికి కనిపించని ఒక అక్షరం పడాలి, దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. అది పడకపోతే ‘సాఫ్ట్వేర్’ అని వకారం ఒత్తుగా దిగిపోతుంది. మింట్‌లో కీబోర్డు లేఅవుట్ ఆప్షన్లలోకి వెళ్లి, స్పేస్ కీ గురించి ఉన్న విభాగం తెరిచి, రెండో స్థాయిలో జీరో విడ్త్ నాన్ జాయినర్ అన్నది ఎంచుకోండి. ఇక షిఫ్ట్ పట్టుకుని స్పేస్ కొడితే ఆ అక్షరం పడుతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో రోజంతా రాసేవాళ్లకి ఇది నిజంగా వరం.

ఫాంట్ల విషయానికొస్తే, విండోస్‌లో ఉండే గౌతమి, నిర్మలా ఇక్కడ ఉండవు. గౌతమిలో చేసిన డాక్యుమెంట్ తెరిస్తే వేరే తెలుగు ఫాంటుతో కనిపిస్తుంది, లైన్లు కొంచెం జరుగుతాయి. ఇతరులకి పంపాల్సినప్పుడు పీడీఎఫ్ చేసి పంపండి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, సూరన్న, రామభద్ర, ఎన్టీఆర్, పెద్దన లాంటివి ఉచితంగా దొరుకుతాయి. మామూలు రాతకి మండలి, హెడ్డింగులకి రామభద్ర నాకు బాగా నచ్చుతాయి. దించుకున్న ఫైలు మీద రెండుసార్లు క్లిక్ చేసి ఇన్‌స్టాల్ నొక్కడమే. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఫాంట్లయితే మింట్ ప్యాకేజీల్లోనే ఉన్నాయి.

లిబ్రేఆఫీస్‌లో తెలుగు రాసేటప్పుడు ఫాంటు మార్చినా మారడం లేదనిపిస్తే కంగారు పడొద్దు. అందులో ఇంగ్లిష్ అక్షరాలకి ఒక ఫాంటు, తెలుగు లాంటి లిపులకి ఇంకో ఫాంటు విడివిడిగా ఉంటాయి. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లాంగ్వేజెస్ తెరిచి, కాంప్లెక్స్ టెక్స్ట్ లేఅవుట్ ఆన్ చేసి, భాషగా తెలుగు పెట్టండి. ఇక క్యారెక్టర్ సెట్టింగ్స్‌లో తెలుగు ఫాంటు, సైజు విడిగా కనిపిస్తాయి. స్టైల్స్‌లో ఒకసారి పెట్టుకుంటే ప్రతి డాక్యుమెంట్‌లోనూ మళ్లీ మళ్లీ మార్చుకునే బాధ తప్పుతుంది.

సాఫ్ట్‌వేర్లు, టెర్మినల్

ఇక్కడ సైట్ల నుంచి సెటప్ ఫైళ్లు దించి వేసే పద్ధతి మర్చిపోండి. ఏం కావాలన్నా ముందు సాఫ్ట్‌వేర్ మేనేజర్‌లో వెతకండి. అక్కడ కొన్ని రెండు రకాలుగా కనిపిస్తాయి, సిస్టమ్ ప్యాకేజీగా, ఫ్లాట్‌ప్యాక్‌గా. ఫ్లాట్‌ప్యాక్ తరచుగా కొత్త వెర్షన్, కానీ ఎక్కువ చోటు తింటుంది. డిస్క్ చిన్నదైతే సిస్టమ్ ప్యాకేజీ తీసుకోండి.

నల్లటి టెర్మినల్ తెరవకుండానే మింట్‌లో రోజులు గడిచిపోతాయి. ఎప్పుడైనా నెట్‌లో దొరికిన కమాండ్ కాపీ చేయాల్సి వస్తే, అందులో సుడో అన్న మాట ఉంటే మీ సిస్టమ్ మీద పూర్తి అధికారం ఇస్తున్నట్టే. అదేం చేస్తుందో అర్థం కాకపోతే ఎంటర్ కొట్టవద్దు.

సందేహం వస్తే మింట్ సహాయ వేదికల్లో మీ ల్యాప్‌టాప్ మోడల్, మింట్ వెర్షన్, కనిపించిన మెసేజ్ ఉన్నదున్నట్టు రాసి అడగండి. ‘వైఫై రావట్లేదు, హెల్ప్’ అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. మెనూలో సిస్టమ్ రిపోర్ట్స్ తెరిస్తే హార్డ్‌వేర్ వివరాలన్నీ ఒకచోట దొరుకుతాయి, కాపీ చేసి పెట్టవచ్చు. హైదరాబాద్ చుట్టుపక్కల ఉన్నవాళ్లకి స్వేచ్ఛ సంస్థ ఉంది. తెలుగులో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కోసం చాలా ఏళ్లుగా పనిచేస్తున్నవాళ్లు, కొత్తవాళ్లని ఆదరంగా చూస్తారు.

రెండు ఓఎస్‌లు పక్కపక్కన పెట్టుకున్నవాళ్లు విండోస్ వైపు ఎన్నిసార్లు వెళ్తున్నారో, ఎందుకు వెళ్తున్నారో అదే కాగితం మీద రాస్తూ ఉండండి. ఒక్క డిజిటల్ సిగ్నేచర్ కోసమే వెళ్తుంటే విండోస్‌ని అలాగే ఉండనివ్వండి, తప్పేం లేదు. రెండు నెలలుగా అటు వెళ్లనే లేదనుకోండి, సీ డ్రైవ్‌లో మిగిలిన ఫైళ్లు ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి తీసుకుని, తెరిచి సరిచూసి, అప్పుడు ఆ పార్టిషన్ చెరిపి మీ ఫోటోలకీ వీడియోలకీ వాడుకోండి.